దాజీ పేట్ చర్చిల పదివేల మంది మొగోళ్లు

"ఒక్క ఆదివారం నాడు పదకొండు మంది మొగోళ్లను చర్చిల కూసోబెట్టిన నేను. యమునాబాయి అబద్ధమాడదు. పది గాదు, పన్నెండు గాదు, పదకొండు."

నేనిట్ల అన్ననో లేదో పక్కింటి ద్రౌపది చేతిల చుట్టుతున్న బీడి ఆగింది. "పోయినసారి ఏడుగురంటివి గదనే?"

"పోయినసారి నేను చెప్పేటప్పుడు వాన పడుతుండె. నలుగురు తడుస్తమని రాలె."

మధ్యాహ్నం మూడు గంటలయితుంది. దాజీ పేట్‌ల మా గల్లీ, మా ఇంటి ముందటి కట్ట. అందరి ఒళ్లె చాటలు, చాటలల్ల తంబాకు. నాలుగు దిక్కుల కార్ఖానాలు టకటక కొట్టుకుంటనే ఉన్నయి, ఆ చప్పుడు మాకు చప్పుడే గాదు, అది ఆగితేనే ఏమైందని బయటికొస్తం. కట్ట ఆ కొసకు మా ముసలాయన కొమురయ్య కత్తెర పట్టుకొని నాకు ఆకు కోసి ఇస్తున్నడు. ముప్పై ఎనిమిదేండ్లు పవర్‌లూముల నడుమ నిలబడ్డ మనిషి, చెవులు రెండు కార్ఖానాకే ఇచ్చేసి ఇంటికొచ్చిండు. మనం మాట్లాడుతుంటే పెదవులు చూసి తెలుసుకుంటడు. అందుకే నేను పెద్ద ముచ్చట ఎత్తుకునేటప్పుడు మొఖం ఇటు తిప్పుకొని కూసుంట. భయం ఉండి గాదు. ముచ్చటకు దిష్టి తగులొద్దని.

ఆ పొద్దు ఈ ముచ్చట లేపింది ఎదురింటి కోడలు సుశీల. ఇరవై రెండేండ్ల పిల్ల, ఒళ్లె మూడు నెలల కొడుకు. వచ్చే ఆదివారం చర్చిల వానికి పేరు పెట్టే ప్రార్థన. తల్లి తండ్రి ఇద్దరు బిడ్డను పట్టుకొని అందరి ముందర నిలబడాలె. దాని మొగడు వెంకటేశ్ రానన్నడు.

"పెండ్లయినకాడికెల్లి ఒక్కసారన్న లోపల అడుగు పెట్టలే అవ్వా," అన్నది సుశీల. "వాకిలి దాక వస్తడు, వాపస్ పోతడు. ఎందుకు రావంటే మాట్లాడడు. నేను ఒక్కదాన్నే బిడ్డను పట్టుకొని ఎట్ల నిలబడాలె? మొగడు ఉండి లేనిదాని లెక్క? మా ఇంటాయనకు దేవుడన్న లెక్క లేదు, నేనన్న లెక్క లేదు. నువ్వు అప్పట్ల మొగోళ్లను తెచ్చినవంట గదా. ఎట్ల తెచ్చినవ్?"

ఎట్ల తెచ్చినవ్ అని ఒక మనిషి నోరు తెరిచి అడిగినంక నేను ఊకుంటనా? కడుపుల అన్నం లేకున్నా ఉంటగాని కడుపుల ముచ్చట పెట్టుకొని ఉండలేను. చాట పక్కకు జరిపిన.

"ఇను బిడ్డా. మా అత్త కాలంల మన నేతోళ్ల ఇండ్లు కొన్ని యేసు మార్గంల కలిసినయి. పేర్లు మారలె, మగ్గం మారలె, ఒక్క ఆదివారం మారింది, అది సుత ఆడోళ్లకే మారింది. రేకుల చర్చి, రెండు చాపలు. ఎడమ దిక్కు ఆడోళ్ల చాప, కుడి దిక్కు మొగోళ్ల చాప. మా చాప మీద సూది పడే జాగ లేదు. మొగోళ్ల చాప కొన్ననాడు ఎట్లుండెనో అట్లనే ఉండె, మడత గూడ పోలె. దాని మీద ఒక పిల్లి పండుకుంటుండె, అది సుత ఆడపిల్లే."

"పిల్లి ముచ్చట ఖరే, అది నిజమే," అన్నది ద్రౌపది.

"చూసినవా? అప్పటి పాస్టర్ అయ్యగారు పాపం మంచోడు, సన్నటి మనిషి, సన్నటి గొంతు. మొగోళ్లు ఎందుకొస్త లేరని ఆయనకు నిద్ర లేదు. ఏం చేసిండు? మొగోళ్లకు పదవి కావాలెనని అందరిని కమిటీల వేసిండు. ఒకడు అధ్యక్షుడు, ఒకడు ఉపాధ్యక్షుడు, ఒకడు చాపలకు ఇంచార్జి. మీటింగుకు వచ్చిండ్రు, మైకు కోసం కొట్లాడిండ్రు, ప్రార్థన అనంగనే పోయిండ్రు. ఆ తర్వాత కబడ్డీ పెట్టిండు చర్చి ముందర. ఆడిండ్రు, మోకాళ్లు చెక్కుకున్నరు, గెలిచినోళ్లు చా తాగెతందుకు పోయిండ్రు, ఓడినోళ్లు వాళ్ల వెనుక పోయిండ్రు. ఆఖరికి మిరపకాయ భజ్జీ పెట్టిండు. భజ్జీ కిటికీలకెల్లి తీసుకున్నరు."

సుశీల నవ్వింది. నవ్వితే నాకు ఇంకింత ఊపొస్తది.

"ఇగ అయ్యగారు నా కాడికి వచ్చి, యమునమ్మా, నా వల్ల గాదు, ఇది నీ వల్లనే అయితది అన్నడు."

"నీ కాడికా?" అన్నది ద్రౌపది. "నువ్వు కూర్చుంటే ఆయన వాక్యం మర్చిపోతుండెనే. గంత ముచ్చట్లు పెడుతుంటివి."

"అందుకే వచ్చిండు. గొంతు ఉన్నదాని కాడికి గొంతు లేనోడు రాడా? నేను ఆలోచన చేసిన. ఒకదినమంత కార్ఖానాల పోయి కూసున్న. మొగోళ్లు ఎట్లుంటరు, ఏం జేస్తరు అని చూసిన. ఏం కనిపెట్టిన చెప్పు? వాళ్లకు చప్పుడు లేకుంటే నడవదు. లూము కొట్టుకుంటుంటే నిలబడి కునుకు తీస్తరు. పోగు తెగి లూము ఆగిందా, ఎగిరి పడతరు. నిశ్శబ్దమంటే వాళ్లకు నష్టం. చర్చిల ఏముంటది? నిశ్శబ్దమే ఉంటది. ఎట్లొస్తరు? కాబట్టి నేనేం జేసిన? చర్చిలకు ఒక లూము తెచ్చిన."

"ఏది, పవర్‌లూమా?"

"ఇగ చేతి మగ్గం తెస్తనా? పవర్‌లూమే. నెత్తి మీద సుట్టబట్ట పెట్టుకున్న, ఎత్తుకున్న, నడిచిన."

"ఒక్కదానివే?"

"నువ్వొస్తనని రాకపోతివి గదనే, ఆ పొద్దు నీకు నడుము నొస్తుండె."

"మరి మోటరో?"

"సంకల పెట్టుకున్న. ఒక సంకల మోటరు, ఒక సంకల మా చిన్నోడు. చిన్నోడే బరువనిపించిండు."

ద్రౌపది ఆకు నోట్లె పెట్టుకొని నవ్వు ఆపుకున్నది. మా ముసలాయన దిక్కు ఒక కన్ను వేసిన. తల వంచుకొని ఆకు కోస్తున్నడు. ఇంక మంచిది.

"లూము తెచ్చి మొగోళ్ల చాప కాడ పెట్టి వేసిన చూడు, టకటక టకటక, రేకులు అదురుతున్నయి, అయ్యగారి కండ్లద్దాలు ముక్కు మీద నాట్యం చేస్తున్నయి. ఇగ గల్లీలకెల్లి మొగోళ్లు రావట్టిండ్రు, బెల్లానికి చీమలు వచ్చినట్టు. ఎవని కార్ఖానా ఇది, కొత్తగ పెట్టిండ్రా, మనుషులు కావాల్నా అని అడుక్కుంట వచ్చిండ్రు. కూసోమన్న. పదకొండు మంది కూసున్నరు. కూసున్న రెండో నిమిషంల నిద్రపోయిండ్రు, తల్లి ఒళ్లె పిల్లలు పండుకున్నట్టు. ఎంత చల్లగ పండుకున్నరో చెప్పలేను, నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయి. వారమంత నిలబడ్డ కాళ్లు గదా.

"ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? అయ్యగారు మౌన ప్రార్థన చేద్దాం అని లూము బంద్ చేసిండు. అరె బాబా! పదకొండు మంది ఒక్కసారి ఎగిరి నిలబడ్డరు. కండ్లు తెరవనే లేదు, చేతులు మాత్రం తెగిన పోగు వెతుకుతున్నయి. ఒకడు పక్కోని లుంగీ పోగు దొరకబట్టి ముడేసిండు. పెంటప్పకు అయ్యగారి తెల్ల అంగీ అంచుకాడ ఒక పోగు దొరికింది. ఇగ వదులుతడా? మాటలల్ల ముడేసిండు, వేసి చాపకు కట్టిండు. ఆమేన్ అని అయ్యగారు నడిచిండు, చాప ఆయన వెంట నడిచింది, చాప మీది పిల్లి సుత నడిచింది."

"అయ్యో అవ్వా!" సుశీల కొంగు నోట్లె కుక్కుకున్నది. బిడ్డ లేచి, చుట్టూ చూసి, మళ్ల పండుకున్నడు.

"ఇది చిన్నది. లూము మొగోళ్ల గుసగుస ఎట్లుంటదో నీకెరికే. చెవుల చెప్తున్నననుకుంటడు, మూడు గల్లీలకు వినబడుతది. మల్లప్ప లేడా, వాడు చేతులు కట్టుకొని మనసుల ప్రార్థన చేసుకుంటున్న అనుకున్నడు. దేవా, నిన్న సుత తాగిన, నా పెండ్లానికి చెప్పకు అన్నడు. రేకులు అదిరినయి. వాని పెండ్లం ఈ చాప మీదికెల్లి లేచి, ఆయన చెప్పలే, నువ్వే చెప్తున్నవ్ అన్నది. ఆ మాట జోడ్‌భావి పేట్ దాక పోయింది, ఆడికెల్లి భవాని పేట్‌కు పోయింది. భవాని పేట్‌ల తాగేటోళ్లందరు కలిసి ఆలోచన చేసిండ్రు. ఈ దేవుడు పెండ్లాలకు చెప్పడంట, నమ్మదగ్గ మనిషి అనుకున్నరు. బయలుదేరిండ్రు."

"ఎందరు?"

"నూటా పది. ఆ పై ఆదివారం పదకొండు వందలు, ఆ మీద పదివేలు. సారా దుకాణమాయన గిరాకీలు ఏమైండ్రని వెతుక్కుంట వచ్చి ఈడ్నే కూసున్నడు. లోపల జాగ లేదు. రేకుల మీద కూసున్నరు. రేకుల మీద జాగ లేక వేపచెట్టు మీద కూసున్నరు. చెట్టు కింద కూసున్నోళ్లు చెట్టు మీదోళ్లకు పాటలు అందిస్తుండ్రు. వాళ్లు పాడుతుంటే మిల్లు సైరను, భోంగా, మోగితే ఎవ్వరికి వినబడలె. ఇగ మిల్లోళ్లు భోంగా బంద్ పెట్టిండ్రు. దాజీ పేట్ చర్చిల రెండో పాట అయిందా, అయితే షిఫ్టు పాళీ మారే టైమయింది, అట్ల నడిచింది ఊరు."

"నేను ఊర్లెనే ఉంటినా అప్పుడు?" అన్నది ద్రౌపది.

"ఉంటివి. కాని జనం అడ్డముండె, నీకు కనబడలె. ఇగ లూము సంగతి అడగవేందే సుశీలా? లూము ఊకుంటదా? నడుస్తనే ఉన్నది. పడుగు మీద వాక్యం పడ్డది, పేక లెక్క పాట పోతున్నది, చాదర్ నేస్తున్నది. నేసిన చాదర్ కిటికీలకెల్లి బయటికి పోయింది, గల్లీ దాటింది, పేట్ దాటింది, రైలు స్టేషన్ దాక పోయింది. స్టేషన్ మాస్టర్ దాన్ని మడిచే దిక్కు లేక పట్టాల మీద పరిచిండు. దాని మీదికెల్లి రైలు వస్తే చప్పుడు లేదు. మెత్తగ వచ్చింది, మెత్తగ ఆగింది. లోపలోళ్లు ఊరొచ్చిందని తెల్వక పండుకునే ఉన్నరు, మద్రాసు పోయినంక లేచిండ్రు."

"కొంచెం తగ్గించు," అన్నది ద్రౌపది.

"తగ్గించే చెప్తున్న. చర్చిల అంత మొగోళ్లే అయిపోయిండ్రు. ఆడోళ్లకు జాగ లేదు. మేము గల్లీల నిలబడి రొట్టెలు చేసుకుంటున్నం. ఈ సంగతి ఊరి నుంచి ఊరు పోయి పెద్ద బిషప్ చెవుల పడితే, ఆయన మోటరు కారుల వచ్చిండు. వచ్చి చూసిండు, దండం పెట్టిండు, అయ్యగారి చెవుల ఏమడిగిండో తెలుసా? అయ్యా, మీ చర్చికి ఆడోళ్లు ఎందుకు వస్త లేరు? వాళ్లను రప్పియ్యాలంటే ఏం జేద్దాం? కమిటీ వేద్దామా అన్నడు!"

ద్రౌపది ఇగ ఆపుకోలేకపోయింది. తంబాకు ఎగిరి కండ్లల్ల పడేదాక నవ్వింది. నేను సుత నవ్వినంక సుశీల దిక్కు చూస్తనా, పిల్ల నవ్వుత లేదు. ఎప్పుడు ఆపిందో, బిడ్డ మీద కండ్లు పెట్టుకొని కూసున్నది.

"అవ్వా," అన్నది మెల్లగ. "లూము ఉన్నోళ్లను అడిగితే ఒక్క దినానికిస్తరా? ఆదివారం లోపల దొర్కుతదా? చప్పుడుంటే ఆయన సుత లోపలికొస్తడా?"

డెబ్బై ఏండ్లు వస్తున్నయి నాకు. ఇన్నేండ్ల నా కోతలకు నవ్వినోళ్లున్నరు, తిట్టినోళ్లున్నరు, లేచి పోయినోళ్లున్నరు. నమ్మినోళ్లు లేరు. ఈ పిల్లకు నమ్మాలెనని ఎంత అవసరం పడ్డదో, నమ్మింది.  కోత అని చెప్పబుద్ధి గాక, దాని దిక్కు పూర్తిగ తిరిగి, దాని గదువ పట్టుకొని, "పదివేల మంది మొగోళ్లు వచ్చినంక నీ మొగడెంత బిడ్డా," అన్న.

సుశీల కూసున్నది మా ముసలాయన దిక్కు. దాని దిక్కు తిరిగితే నా మొఖం ఆయనకు ఎదురుంగ పడ్డది. నేను చూసుకోలె.

కత్తెర ఆగింది.

"ఒక్కడు," అన్నడు కొమురయ్య.

ఆయన మెల్లగ చెప్పిననుకున్నడు. గల్లీ మొదట్ల కోడి ఎగిరింది.

"ఏంది మామా?" అన్నది సుశీల, ఆయనకు కనబడేటట్టు మొఖం లేపి.

"పదివేలు గాదు. వచ్చింది ఒక్కడు. నేనొక్కన్నే. లూము లేదు, గీము లేదు."

"నువ్వు ఆకు కొయ్యి," అన్న నేను. ఆయన నా పెదవులు చూసి, కత్తెర కింద పెట్టిండు.

"అయిదేండ్లు నేను చర్చి మెట్టు మీద కూసున్న, చెప్పులకాడ. అందరేమనుకున్నరు? కొమురయ్య చెప్పులకు కావలి అనుకున్నరు. ఇది గూడ అట్లనే అనుకున్నది. పొగరు, తలకెక్కింది, దేవుని లెక్క చేయడు అని తిట్టేది. లోపలికి పోయి ఏం జేద్దు బిడ్డా? అందరు నవ్వుతరు. ఎందుకు నవ్విండ్రో నాకు తెల్వదు. అందరి తర్వాత నేను నవ్వుత, అప్పటికి వాళ్ల నవ్వు అయిపోయి ఉంటది. పిల్లలు తిరిగి చూస్తరు. అందరు నిలబడతరు, నేను కూసొనే ఉంట. అయ్యగారు పుస్తకం అడ్డం పెట్టుకొని చదువుతడు, పెదవులు కనబడవు. కార్ఖానాల నేను పనిమంతుణ్ణి. ఆడ అందరం చేతులతోని, పెదవులతోనే మాట్లాడుకుంటం, ఆడ ఎవడు చెవిటోడు గాదు. చర్చిల ఒక్కన్నే చెవిటోణ్ణి."

 నాకు ఈ మాటలు తెలుసు. కాని ఇంత మంది ముందర ఆయన చెప్పంగ ఎన్నడు ఇనలె.

"మరి లోపలికెట్ల వచ్చినవ్ మామా?"

నేను నేల చూసుకుంట కూసున్న. చెప్పింది ద్రౌపది. "నేనుంటి ఆ పొద్దు. ఈమె ఆడోళ్ల చాప మీదికెల్లి లేచింది. బయటికి పోయి ఈయన చెయ్యి పట్టుకొచ్చి మొగోళ్ల చాప మీద కూసోబెట్టింది. పోనీ, కూసోబెట్టి వాపస్ రావాలె గదా? రాలె. మొగోళ్ల చాప మీదనే, ఆయనకు ఎదురుంగ, అయ్యగారికి వీపు పెట్టి కూసున్నది. మా చాప అంత గుసగుస. అయ్యగారి మాట ఆగింది. సిగ్గులేనిది అని అన్నది నేనే."

"నువ్వేనా అన్నది?" అన్న నేను.

"నేనే. ఏడేండ్లయింది, ఇప్పుడేమన్న చేస్తవా? నువ్వేమో వెనుక్కు తిరగలె. అయ్యగారు చెప్పేది వినుకుంట, నోట్లెకెల్లి చప్పుడు రాకుంట పెదవులతోని ఈయనకు చెప్పుకుంట కూసున్నవ్. ఇప్పటిదాక అట్లనే కూసుంటున్నవ్."

సుశీల నా దిక్కు చూసింది. "నువ్వట్ల మొగోళ్ల దిక్కు కూసుంటే నాకు కొత్తల అనిపించేది, ముసలామె గదా, జాగ లేక కూసున్నదేమో అని."

"జాగ లేకనే," అన్న. "చెప్తిని గదా, మొగోళ్లు ఎక్కువైండ్రు."

"ఇది పెదవులతోని సుత కోతలే కోస్తది," అన్నడు ముసలాయన. "అయ్యగారు అయిదు రొట్టెలు, రెండు చేపలు అన్నడంట. ఇది నాకేం చెప్పింది? అయిదు జొన్న భాకరీలు, పల్లీల శేంగా చట్నీ, ఎల్లిపాయ దంచి వేసింది అన్నది. యోనాను మింగిన చేప, నోరు ఈడ దాజీ పేట్‌ల ఉంటే తోక స్టేషన్‌ల ఉన్నది అన్నది. నోవహు ఓడలకు ఎక్కినంక ఆయన పెండ్లం ఒక నెల దాక ఆయనతోని మాట్లాడలేదంట, ఎందుకంటే దోమలను గూడ జంట ఎక్కించిండంట."

"అది పుస్తకంల ఉన్నది," అన్న నేను.

"లేదు," అన్నడు కొమురయ్య. "నేను తెలుగు బడిల నాలుగు చదివిన. ఆదివారం సాయంత్రం నువ్వు రొట్టెలు చేసేటప్పుడు పుస్తకం తీసి చూసేటోణ్ణి. చట్నీ లేదు. స్టేషన్ లేదు. నోవహు పెండ్లానికి ఒక్క మాట గూడ లేదు. మొదటి ఆదివారమే తెలుసు నాకు."

 ఇది కోత గాదు, ద్రౌపదిని అడుగుండ్రి. ఏడేండ్లు. ఏడేండ్ల ఆదివారాలు నేను ఆ మనిషిని మోసం చేస్తున్ననని లోపల లోపల నవ్వుకున్న. పాపం, నమ్ముతున్నడని జాలి గూడ పడ్డ. చప్పుడు లేకుంట అడిగిన, పెదవులతోని: మరెందుకు చెప్పలేదు?

"చెప్తే నువ్వు అలిగి మీ చాప మీదికి పోదువు," అన్నడు. "వాక్యం ఇంట్ల సుత చదువుకుంట. నువ్వు నా ఎదురుంగ కూసొని గంట సేపు నన్నే చూసుకుంట మాట్లాడేది ఆడ్నే గదా. ఇంట్ల నీకు తీరికేడిది?"

నేను చాట ఒళ్లెకు లాక్కొని బీడి చుట్టబోయిన. ఆకు మీద తంబాకు వేయడం మర్చిపోయి ఉత్త ఆకే చుట్టిన. ద్రౌపది చూసి ఏమనలె. ద్రౌపది ఏమనకపోవుడు నేను పుట్టినాక ఇదే చూసుడు.

మా ముసలాయన సుశీల దిక్కు తిరిగిండు. గొంతు తగ్గించిండు, అంటే కట్ట దాకనే వినబడేటట్టు. "వెంకటేశ్ ఎన్నేండ్ల సంది ఉన్నడు కార్ఖానాల?"

"పదమూడో ఏట పోయిండంట మామా. పదిహేనేండ్లయింది."

"మొన్న నేను వాని వెనుక నడుస్తున్న. వెనుక నుంచి సైకిలోడు గంట కొట్టినట్టున్నడు, నాకు వినబడదు, వెనుక్కు చూసినప్పుడు సైకిలోని చెయ్యి గంట మీద కనబడితే తెలుసుకొని నేను జరిగిన. వెంకటేశ్ జరగలె. సైకిలు తగిలింది. వాడు సైకిలోణ్ణి తిట్టిండు గాని, వాని మొఖం నేను చూసిన. ఆ మొఖం నాకు ఎరికే. నాది గూడ ఒకప్పుడు అట్లనే ఉండె."

సుశీల బిడ్డను ఎదకు అదుముకున్నది. అన్నది, మాతోని గాదు, బిడ్డతోని అన్నట్టు. "వంటింట్లకెల్లి పిలిస్తే పలకడు. రెండుసార్లు పిలుస్త. మూడోసారి నేను గూడ పిలవ. ఇద్దరం అలిగి పండుకుంటం. ఎందుకు అలిగినమో ఆయనకు తెల్వదు..."

ఆ మాట పూర్తి గాలె. పాళీ విడిచినట్టున్నరు, గల్లీలకు మొగోళ్లు రావట్టిండ్రు. నెత్తుల నిండ పత్తి నూగు, అందరు ముసలోళ్ల లెక్క కనబడతరు ఆ టైముకు. వెంకటేశ్ వచ్చిండు. మా దిక్కు చూడలె. నల్లా కాడ చెప్పులు విడిచి, వంగి, మొఖం కడుక్కోవట్టిండు, వీపు మాకు పెట్టి.

సుశీల లేచింది. బిడ్డను ద్రౌపది ఒళ్లె పెట్టింది. కట్ట దిగి, రెండడుగులు వేసి, నోరు తెరిచింది పిలుద్దామని. తెరిచి ఊకున్నది. పిలవలె. నల్లా చుట్టు తిరిగి పోయింది, బురదల నుంచే పోయింది, పోయి ఆయన ముందర నిలబడ్డది. వాడు మొఖం లేపిండు, నీళ్లు కారుతున్నయి.

ఏడేండ్ల సంది పెదవులతోని మాట్లాడిందాన్ని నేను, ఇంత దూరం నుంచి చదవలేనా? పిల్ల చప్పుడు చేయకుంట, ఒక్కొక్క మాట విడిచి విడిచి చెప్పింది. ఆదివారం నీ పక్కన గాదు, ఎదురుంగ నిలబడుత. అయ్యగారు ఏమన్నా నేను చెప్త. నువ్వు నా మొఖం చూడు, సాలు.

వెంకటేశ్ నల్లా బంద్ చేసి, ఎవరన్న చూస్తున్నరా అని మా దిక్కు సగం తిరిగిండు. తర్వాత వాని పెదవులు కదిలినయి. చప్పుడు వాడు గూడ చేయలె, కార్ఖానాల మాట్లాడినట్టే మాట్లాడిండు. "అందరు చూస్తరు గదా. ఎంత మంది ఉంటరు?"

నేనైతే పదివేలందును. ఎంత తగ్గించినా పదివేలకు తక్కువ నా నోట్ల రాదు. ఆ పిల్ల ఒక వేలు ఎత్తి, తన దిక్కు చూపించుకున్నది.

"ఒక్కదాన్ని," అన్నది. "నేనే చూస్త."

వాడు తువ్వాల అడిగిండు. పిల్ల కొంగు ఇచ్చింది.